పదకొండో తరగతిలో సైకాలజీ: ముప్పై మార్కుల ప్రాక్టికల్‌లోనే అసలు చదువు

ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీ. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నుంచి తెలుగు ఇళ్లలో వినపడే మాటలివే. వీటిలో 'పీ' ఎక్కడ కనిపించినా అది ఫిజిక్సే. సైకాలజీ అని ఒక సబ్జెక్టు ఉందనీ, దాన్ని పదహారేళ్లకే చదవొచ్చనీ చాలా ఇళ్లలో చర్చకే రాదు. మనలో ఎక్కువమందికి ఆ శాస్త్రం మొదటిసారి ఎదురయ్యేది టెట్ కోసం పుస్తకం పట్టినప్పుడు. 150 మార్కుల పేపర్లో శిశువికాసం, పెడగాజీ (బోధనా శాస్త్రం)కి 30 మార్కులు. థార్న్‌డైక్ అంటే పిల్లి, యత్నదోష అభ్యసనం. పావ్‌లోవ్ అంటే కుక్క, శాస్త్రీయ నిబంధనం. కోహ్లర్ అంటే చింపాంజీ, అంతర్దృష్టి అభ్యసనం. పేరు, జంతువు, సిద్ధాంతం మూడూ జతపరిస్తే ఒక మార్కు. రేపు పిల్లలకు పాఠం చెప్పబోయే లక్షలమంది, మనసు గురించిన శాస్త్రాన్ని ఇలా బిట్లు బిట్లుగా బట్టీ పట్టి పరీక్ష హాల్లో వదిలేసి వస్తున్నారు.

సీబీఎస్‌ఈ బడుల్లో మాత్రం 11, 12 తరగతుల్లో సైకాలజీ మామూలు సబ్జెక్టే. కోడ్ 037. థియరీకి 70 మార్కులు, ప్రాక్టికల్‌కి 30. ఐసీఎస్‌ఈ బడుల్లో 11, 12 తరగతుల చదువైన ఐఎస్‌సీలోనూ ఉంది. రోజూ బడికి వెళ్లే వీల్లేని వాళ్ల కోసం జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ పదో తరగతి స్థాయిలో ఒకటి, పన్నెండో తరగతి స్థాయిలో ఒకటి నడుపుతోంది. ఇది హ్యుమానిటీస్ పిల్లలకే పరిమితమైన చదువు కూడా కాదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో నీట్‌కి సిద్ధమవుతూ, లెక్కల బదులు సైకాలజీ పెట్టుకునే పిల్లలు ఉన్నారు. ఎందుకు తీసుకున్నావని అడిగితే తరచుగా వచ్చే జవాబు ఒకటే: స్కోరింగ్ సబ్జెక్టు.

ఎంపిక మంచిదే, చెప్పే కారణమే చిన్నది. సైకాలజీ చదివితే ఎదుటివాళ్ల మనసులో ఏముందో తెలిసిపోతుందనే ఆశ కూడా కొందరికి ఉంటుంది. అది ఏ సిలబస్‌లోనూ లేదు, ఏ టీచరూ నేర్పలేరు. పదహారేళ్ల పిల్లకు ఈ సబ్జెక్టు ఇవ్వగలిగిన విలువైన వస్తువు ఒక అలవాటు. మనసు గురించి ఎవరు ఏ మాట చెప్పినా, అది అమ్మమ్మ సామెత అయినా, మోటివేషన్ వీడియో అయినా, "అది మీకెలా తెలిసింది? ఎవరిమీద చూశారు? ఎలా కొలిచారు?" అని అడగడం. ఆ అలవాటు పాఠం వింటే రాదు, చేతులతో చేస్తే వస్తుంది. చేయించాల్సిన చోటు ఆ 30 మార్కుల ప్రాక్టికల్.

పుస్తకంలో ఏముంది?

ఎన్‌సీఈఆర్‌టీ ప్రస్తుత పుస్తకాలు 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత తయారైనవి. పదకొండో తరగతిలో సైకాలజీ అంటే ఏమిటి, పరిశోధన పద్ధతులు, మానవ వికాసం, సంవేదన (సెన్సేషన్), అవధానం (అటెన్షన్), ప్రత్యక్షం (పర్సెప్షన్), అభ్యసనం (లెర్నింగ్), స్మృతి (మెమరీ), ఆలోచన, ప్రేరణ, ఉద్వేగాలు. పన్నెండులో ప్రజ్ఞ (ఇంటెలిజెన్స్), మూర్తిమత్వం (పర్సనాలిటీ), ఒత్తిడిని తట్టుకోవడం, మానసిక రుగ్మతలు, చికిత్సలు, వైఖరులు, గుంపుల ప్రవర్తన. 2022లో సిలబస్ తగ్గించినప్పుడు పదకొండో తరగతి నుంచి మెదడు, నాడులు, గ్రంథులు, జన్యువుల గురించిన అధ్యాయం మొత్తం పోయింది. బరువు తగ్గిందని పిల్లలు సంతోషించి ఉండొచ్చు గానీ, ఇది పెద్ద నష్టం. మెదడు లేకుండా స్మృతి పాఠం చెప్పడం, గుండె బొమ్మ వేయకుండా రక్తప్రసరణ చెప్పడం లాంటిది. బైపీసీ తరహా పిల్లలు జువాలజీలో నాడీవ్యవస్థ చదువుతారు కాబట్టి సరిపెట్టుకుంటారు. హ్యుమానిటీస్ పిల్లలకు ఆ ఆధారం లేదు.

పైన వాడిన మాటల్ని ఒకసారి మళ్లీ చూడాలి. అవధానం, ప్రత్యక్షం, మూర్తిమత్వం, ఉద్వేగం, ప్రజ్ఞ. ఇవి కొత్తగా అతికించిన అనువాదాలు కావు, బీఈడీ, డీఈడీ పుస్తకాల్లో దశాబ్దాలుగా నలిగిన మాటలు. ప్రత్యక్షం అనే మాట న్యాయదర్శనంలో జ్ఞానానికి ప్రమాణాల్లో మొదటిది. కంటికి కనిపించింది నిజమేనా, తాడును చూసి పాము అనుకోవడం ఎలా జరుగుతుంది అన్న ప్రశ్న మన తర్కశాస్త్రం వందల ఏళ్లు నలగ్గొట్టిందే. సీబీఎస్‌ఈ పిల్లలు ఈ పాఠాన్ని ఇంగ్లిష్‌లో చదువుతారు, టెట్ అభ్యర్థులు తెలుగులో చదువుతారు. ఒకరి మాటలు ఇంకొకరికి అందవు. ఇంట్లో తల్లి డీఎస్సీకి, కూతురు పన్నెండో తరగతికి ఒకే పావ్‌లోవ్‌ను చదువుతూ, అది ఒకే పాఠమని గుర్తుపట్టకపోయే అవకాశం చాలానే ఉంది.

పదిహేను మాటలు, ఒక గీత

ప్రాక్టికల్ ఎలా ఉండాలో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. టీచర్ పదిహేను మాటలు చదువుతారు, రెండు సెకన్లకొకటి చొప్పున: గొడుగు, మిరియం, నిచ్చెన, తాళం, చేప, దువ్వెన, మేఘం, కుండ, రైలు, జాజి, సుత్తి, పలక, గంట, ఇసుక, లాంతరు. అయిపోగానే పిల్లలు గుర్తున్నవన్నీ రాస్తారు. ఏ వరసలోనైనా రాయొచ్చు. తర్వాత ఒక్కో మాటను ఎంతమంది రాశారో లెక్కపెట్టి, మాట వరస సంఖ్య అడ్డంగా, రాసినవాళ్ల సంఖ్య నిలువుగా గ్రాఫ్ గీస్తారు. తరగతి నిండా పిల్లలుంటే గీత సాధారణంగా ఊయలలా వస్తుంది. గొడుగు, మిరియం చాలామంది రాస్తారు. ఇసుక, లాంతరు ఇంకా ఎక్కువమంది రాస్తారు. మేఘం, కుండ, రైలు దగ్గర గీత కిందికి వాలుతుంది.

చాలా బడుల్లో ప్రయోగం ఇక్కడితో ఆగిపోతుంది. ఫలితం రికార్డులో ఎక్కుతుంది. అసలు రుచి తర్వాతి మెట్టులో ఉంది. ఇంకో పదిహేను మాటలు చదివి, ఈసారి వెంటనే రాయనివ్వకుండా అరనిమిషం పాటు 300 నుంచి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టిస్తారు. 297, 294, 291... ఆ తర్వాత రాయమంటారు. ఈసారి గ్రాఫ్‌లో ఎడమ కొస అలాగే ఉంటుంది, కుడి కొస పడిపోతుంది. చివరి మాటలు ఎక్కడికి పోయాయి? 1966లో గ్లాంజర్, క్యూనిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించింది ఇదే. మొదటి మాటల్ని మనసులో మళ్లీమళ్లీ అనుకునే వ్యవధి దొరికింది కాబట్టి అవి దీర్ఘకాలిక స్మృతికి చేరాయి. చివరివి ఇంకా స్వల్పకాలిక స్మృతిలోనే తేలుతున్నాయి, అంకెలు వచ్చి వాటిని తోసేశాయి. స్మృతి ఒకే పెట్టె కాదన్న సంగతిని పుస్తకంలో బాణం గుర్తుల బొమ్మగా చూడటం ఒకటి, తన తరగతి అంకెల్లోనే చూడటం ఇంకొకటి.

అక్కడ కూర్చున్న పిల్లల్లో ఒకరు తప్పకుండా అడుగుతారు: "జాజి నా చెల్లి పేరు. అది మధ్యలో ఉన్నా నాకు గుర్తుంది. అప్పుడు?" ఆ ప్రశ్నతో పాఠం ఇంకో మెట్టు ఎక్కుతుంది. మాటల్ని ఎలా ఎంచాలి, పరిచయం ఉన్న మాటలు ఫలితాన్ని ఎలా మారుస్తాయి, ఎబ్బింగ్‌హాస్ 1885 నాటి తన పరిశోధనకు అర్థంలేని అక్షరాల గుంపుల్ని ఎందుకు తయారుచేసుకున్నాడు అన్నవన్నీ ఆ చెల్లి పేరు వెంటే వస్తాయి.

తెలుగు తరగతిలో ఇదే పాఠానికి ఇంకో ద్వారం ఉంది. అవధానం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు, అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపదికి నాలుగు మాటలిస్తారు, ఒకరు నిషిద్ధాక్షరిలో అక్షరం అక్షరానికీ అడ్డం పడతారు, ఒకరు వర్ణన అడుగుతారు, ఒకరు అప్రస్తుత ప్రసంగంతో మధ్యమధ్యలో దారి మళ్లిస్తారు. అవధాని ఒక్కో ఆవృతంలో (విడతలో) ఒక్కో పాదం చెబుతూ నాలుగు ఆవృతాలు పూర్తిచేసి, చివర ధారణలో పద్యాలన్నీ మొదటి నుంచి అప్పజెబుతారు. స్వల్పకాలిక స్మృతిలో ఒకేసారి పట్టేవి ఏడు, రెండు అటూ ఇటూ అని జార్జ్ మిల్లర్ 1956లో రాసిన వ్యాసం సైకాలజీ విద్యార్థులందరికీ తెలుసు. మరి సగం సగం పద్యాలు అన్నీ ఎలా పట్టాయి? విడి అంశాలను ముడివేసి ఒక్క గుత్తిగా మార్చుకుంటే అదే ఏడు గదుల్లో చాలా ఎక్కువ పడుతుందని మిల్లర్ ఆ వ్యాసంలోనే చెప్పాడు. ఛందస్సు తెలిసిన మనిషికి ఉత్పలమాల పాదం ఇరవై అక్షరాల మూట కాదు. గణాలు, యతి, ప్రాస కలిసి తరువాతి అక్షరం ఎక్కడ ఏ ఆకారంలో ఉండాలో ముందే చెప్పేసే చట్రం అది. ఈ వివరణ నిజమేనా అని చూడటానికి తరగతిలోనే ఒక పద్యపాదాన్నీ, అదే పొడవున్న వచన వాక్యాన్నీ ఇచ్చి పోల్చవచ్చు. ఇలాంటి ప్రాక్టికల్ సీబీఎస్‌ఈ రికార్డులో రాయకూడదని ఎవరూ అనలేదు.

ఐదు గుర్తులు, ఇరవై ఐదు కార్డులు

మన దేశంలో సైకాలజీ కొత్తగా దిగుమతి అయిన చదువేమీ కాదు. జర్మనీలో వుంట్ లీప్‌జిగ్ ప్రయోగశాల తెరిచింది 1879లో. కలకత్తా విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం 1916లో, మైసూరులో 1924లో మొదలయ్యాయి. మన వైపు కథలో ఒక ప్రత్యేకత ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1960ల చివర్లో కోనేరు రామకృష్ణారావు నెలకొల్పిన శాఖ పేరులో సైకాలజీ పక్కనే పారాసైకాలజీ, అంటే అతీంద్రియ శక్తుల పరిశీలన, కూడా ఉంది. అమెరికాలో ఆ రంగంలో పేరున్న జె.బి.రైన్ దగ్గర పనిచేసి వచ్చిన ఆయన, తర్వాత అదే విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. అతీంద్రియ శక్తుల మీద ఆ ప్రయోగాల ఫలితాలను శాస్త్రలోకంలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. అయినా ఆ ప్రయోగ పద్ధతి పదకొండో తరగతికి బంగారం లాంటి పాఠం.

రైన్ వాడిన కార్డుల కట్టలో 25 కార్డులుంటాయి. ఐదు గుర్తులు, ఒక్కొక్కటి ఐదుసార్లు. అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో గీసుకోవచ్చు. ఒకరు కార్డు చూస్తారు, ఇంకొకరు చూడకుండా ఊహిస్తారు. ఏ శక్తీ లేకపోయినా సగటున ఐదు సరిపోతాయి. ఇప్పుడు ఒక అబ్బాయికి ఎనిమిది సరిపోయాయనుకోండి. తరగతి అంతా కేకలు వేస్తుంది, వాడికి ఏదో ఉందని. లెక్కవేస్తే, కేవలం అదృష్టం మీద ఎనిమిది లేదా అంతకంటే ఎక్కువ రావడానికి అవకాశం దాదాపు 11 శాతం. అంటే 40 మంది తరగతిలో నలుగురైదుగురికి ఏ మహిమా లేకుండానే అంత స్కోరు వస్తుంది. ఆ నలుగురైదుగురికే మళ్లీ ఆడిస్తే చాలామంది ఐదు దగ్గరికి జారిపోతారు. జోస్యం చెప్పేవాళ్ల మాట ఎందుకు ఫలించినట్టు కనిపిస్తుందో, కోచింగ్ ప్రకటనల్లో ర్యాంకర్ల ఫొటోలు ఏం చెబుతాయో, ఏం చెప్పవో, ఆ పిల్లలకు ఇక విడిగా చెప్పక్కర్లేదు. ఇది లెక్కల పాఠం కూడా. సైకాలజీని లెక్కలు రానివాళ్ల సబ్జెక్టు అనుకోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క గంట చూపిస్తుంది.

ఇంత తేలికైన సరంజామాతో ఇంత చదువు సాధ్యమైనప్పుడు, వాస్తవంలో ఏం జరుగుతోంది? చాలాచోట్ల ప్రాక్టికల్ అంటే రికార్డు. పాత బ్యాచ్ రికార్డు చూసి కొత్త బ్యాచ్ రాస్తుంది. 'ప్రయోగ పాత్రుడి' పేరు మారుతుంది, స్కోర్లు అటూ ఇటుగా అవే ఉంటాయి. వైవాలో ఎక్స్‌టర్నల్ నిర్వచనాలు అడుగుతారు. పన్నెండో తరగతిలో ప్రజ్ఞ, మూర్తిమత్వం, ఆందోళన, సర్దుబాటు లాంటి వాటిని కొలిచే పరీక్షలు చేయించాలి, ఒక వ్యక్తి గురించి కేస్ ప్రొఫైల్ రాయాలి. ఇక్కడ అజాగ్రత్త ఖరీదైనది. ఆందోళన పరీక్షలో పక్క బెంచీ అమ్మాయికి ఎక్కువ స్కోరు వచ్చిందన్న మాట సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఉంటే, ఆ పరీక్ష చేసినందువల్ల మేలు కంటే కీడే ఎక్కువ. ఎవరిమీద పరీక్ష చేసినా ముందు వాళ్ల సమ్మతి అడగాలి, ఇష్టం లేకపోతే మధ్యలో మానేయొచ్చని చెప్పాలి, పేరు రాయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. పద్ధతుల అధ్యాయంలో ఈ నాలుగూ ఉన్నాయి. పరీక్షలో వీటి మీద రెండు మార్కుల ప్రశ్న వస్తుంది కాబట్టి పిల్లలు కంఠతా చెబుతారు. పాటించడం ఒక్కసారైనా చేయించకపోతే ఆ కంఠతా దేనికి?

ఇంకో చిక్కు కొలబద్దలది. ఒక పరీక్షలో 32 వస్తే ఎక్కువా తక్కువా అన్నది, ఆ పరీక్షను ముందు ఎవరిమీద నిర్వహించి ప్రమాణాలు కట్టారన్నదాని మీద ఆధారపడుతుంది. వేరే ప్రాంతంలో, వేరే భాషలో, నలభై ఏళ్ల కిందటి పిల్లలతో కట్టిన ప్రమాణాలతో నేటి కర్నూలు పిల్లవాణ్ని తూచడం సరైనదేనా? ఈ అనుమానం ప్రపంచ స్థాయిలోనూ ఉంది. మానవ స్వభావం పేరుతో రాసిన సూత్రాల్లో చాలా భాగం పాశ్చాత్య దేశాల, చదువుకున్న, సంపన్న సమాజాల మనుషుల మీద చేసినవేనని హెన్రిక్, హైన్, నోరెంజయాన్ 2010లో గట్టిగా ఎత్తిచూపారు.

పాత ప్రయోగాలకు కొత్త జవాబులు

పాఠ్యపుస్తకాల్లో ప్రయోగాలు కథల్లా ఉంటాయి, కథల్లాగే గుర్తుండిపోతాయి. 1963లో ప్రచురితమైన మిల్‌గ్రామ్ ప్రయోగంలో 40 మందిలో 26 మంది అధికారి చెప్పాడని ఎదుటి మనిషికి 450 వోల్టుల దాకా షాక్ ఇస్తున్నామనే నమ్ముతూ మీట నొక్కారు. కాసేపు ఆగితే ఇంకొకటి ఇస్తామంటే ఎదురుగా ఉన్న మిఠాయి తినకుండా ఆగిన చిన్నపిల్లలు పెద్దయ్యాక బాగా రాణించారన్న మిషెల్ పరిశోధన, ర్యాంకుల కోసం నిగ్రహం నేర్పాలనుకునే మన తల్లిదండ్రులకు చాలా నచ్చింది. స్టేజీ ప్రసంగాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. 2018లో వాట్స్, డంకన్, క్వాన్ ఎక్కువమంది పిల్లలతో, విభిన్న కుటుంబాల పిల్లలతో దాన్ని మళ్లీ పరిశీలించారు. కుటుంబ ఆర్థిక స్థితి, తల్లి చదువు లాంటివి లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలావరకు పలచబడింది. ఇంట్లో రేపు కూడా మిఠాయి దొరుకుతుందన్న నమ్మకం ఉన్న పిల్లకు ఆగడం తేలిక. ఈ సంగతి పేదరికం చూసిన ఏ ఊళ్లో అడిగినా చెబుతారు.

2015లో ఇంకా పెద్ద కుదుపు వచ్చింది. పేరున్న పత్రికల్లో అచ్చయిన 100 సైకాలజీ అధ్యయనాలను వేరే బృందాలు మళ్లీ చేసిచూస్తే, మొదట వాటిలో 97 శాతం గట్టి ఫలితం చూపించగా, రెండోసారి 36 శాతమే చూపించాయి. దీన్ని బట్టి సైకాలజీ అంతా బూటకం అని తేల్చేయడం తొందరపాటు. తన తప్పుల్ని తానే లెక్కపెట్టి అచ్చువేసిన శాస్త్రం అది. పన్నెండో తరగతి విద్యార్థికి మిల్‌గ్రామ్ కథ ఎంత అవసరమో, ఈ 97, 36 అంకెల కథ అంతకన్నా ఎక్కువ అవసరం. వాట్సాప్‌లో 'శాస్త్రవేత్తలు కనుగొన్నారు' అని మొదలయ్యే ప్రతి సందేశానికీ అది విరుగుడు.

పాఠం పాఠమే, కౌన్సెలింగ్ కౌన్సెలింగే

పన్నెండో తరగతిలో మానసిక రుగ్మతల అధ్యాయం మొదలవగానే తరగతి స్వరం మారుతుంది. కుంగుబాటు, ఆందోళన, ఓసీడీ, స్కిజోఫ్రీనియా. పేజీ తిప్పుతున్నకొద్దీ ఎవరికి వాళ్లకు తమలో ఏదో ఒకటి కనిపిస్తుంది. వైద్య విద్యార్థులకూ ఇది పాత అనుభవమే. సెల్‌ఫోన్ రీల్స్ ఇప్పుడు దీనికి తోడయ్యాయి. బల్ల శుభ్రంగా పెట్టుకునే పిల్ల "నాకు ఓసీడీ" అంటుంది. రోగనిర్ధారణ పుస్తకం చెప్పేది వేరు: వద్దన్నా తిరిగి తిరిగి వచ్చే ఆలోచనలు, వాటిని అణచడానికి చేసే పనులు, రోజులో గంటకు పైగా వాటికే పోవడం, లేదా వాటివల్ల బాధ పడటం, బతుకు సాగకపోవడం. చేతులు కడుక్కోవడం ఆపలేక స్నానాలగదిలోనే పరీక్షకు ఆలస్యమయ్యే పిల్లవాడి వేదన ముందు, బల్ల శుభ్రత ముచ్చట నిలవదు. ఈ తేడా చెప్పడం టీచర్ పని. మంచి టీచర్ ఈ అధ్యాయం మొదలుపెట్టే ముందు ఒక మాట చెబుతారు: ఇక్కడ ఎవరూ ఎవరికీ పేరు పెట్టకూడదు, తమకు తాము కూడా. ఏదైనా మరీ బాధగా అనిపిస్తే తరగతి తర్వాత వచ్చి మాట్లాడండి.

వచ్చి మాట్లాడితే? సైకాలజీ టీచర్ పీజీ చేసి పాఠం చెప్పడానికి వచ్చిన మనిషి. చికిత్సలో శిక్షణ ఉండకపోవచ్చు. అయినా చాలా బడుల్లో యాజమాన్యాలు సైకాలజీ టీచర్‌నే కౌన్సెలర్‌గా చూపిస్తాయి. ఇది ఇద్దరికీ అన్యాయం. తన మార్కులు వేసే మనిషి దగ్గర పిల్ల మనసు విప్పదు. రోజుకు ఐదు పీరియడ్లు చెప్పి, రికార్డులు దిద్దే మనిషికి ఒక పిల్ల కథ పూర్తిగా వినే తీరిక ఉండదు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. అంటే 40 మంది తరగతికి సుమారు ముగ్గురు. వాళ్లకు పాఠం సరిపోదు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో స్పష్టంగా ఉంది. వందమంది గానీ, అంతకంటే ఎక్కువమంది గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సోషల్ వర్కర్‌ను గానీ నియమించాలి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కూడా దాని పరిధిలోకి వస్తాయి. కేసు మొదలైంది మన గడ్డమీదే కాబట్టి, దాన్ని ముందుగా అమలు చేయాల్సిన బాధ్యత కూడా మన కాలేజీలదే. అంతవరకూ, రాత్రి ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో కూడా మాట్లాడతారు. ప్రతి హాస్టల్ గోడ మీదా అది పెద్ద అక్షరాలతో ఉండాలి.

తర్వాత ఏమిటి?

సైకాలజీతో పన్నెండు పాసైన పిల్లలకు దారులు ఉన్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశపరీక్ష సీయూఈటీలో అది ఒక సబ్జెక్టు. సివిల్స్ మెయిన్స్‌లో ఆప్షనల్. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే మాత్రం డిగ్రీ, పీజీతో సరిపోదు, గుర్తింపు ఉన్న సంస్థలో వృత్తి శిక్షణ, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ కావాలి. సైకియాట్రిస్టు వేరు, ఆ దారి ఎంబీబీఎస్ గుండా పోతుంది. మందులు రాసేది వాళ్లే. దూరవిద్యలో సైకాలజీ చేద్దామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి: 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి ఈ సబ్జెక్టును దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ ఆదేశించింది.

ఇంగ్లండ్‌లో ఏ లెవెల్ పరీక్షలకు గణితం తర్వాత ఎక్కువమంది రాసేది సైకాలజీనే. అమెరికాలో ఏటా సుమారు మూడు లక్షల మంది హైస్కూలు పిల్లలు ఏపీ సైకాలజీ పరీక్ష రాస్తారు, అక్కడి తెలుగు ఇళ్ల పిల్లలూ అందులో ఉంటారు. ఇక్కడి బంధువులకు ఫోన్‌లో 'ఏపీ' అంటే ఆంధ్రప్రదేశ్ కాదనీ, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనీ విడమరిచి చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇక ఇంటర్ సంగతి. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి ఎంబైపీసీ తెచ్చి, లెక్కలూ బయాలజీ కలిపి చదివే వీలు ఇచ్చింది. గ్రూపు గోడలు కదలనివేమీ కావని తేలింది. సైకాలజీ కోసం కొత్త గ్రూపు పుట్టేదాకా ఆగక్కర్లేదు కూడా. తెల్లవారుజామున లేచి రాత్రి స్టడీ అవర్స్ ముగిసేదాకా చదివే రెసిడెన్షియల్ కాలేజీ పిల్లలకు స్మృతి అధ్యాయం ఒక్కటి చెప్పినా చాలా మారుతుంది. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో కొందరు పాఠాన్ని రెండుసార్లు చదివారు, కొందరు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే వాళ్లకు 42 శాతం గుర్తుంది, మూసి రాసినవాళ్లకు 56 శాతం. మన బడుల్లో స్లిప్ టెస్ట్ సరిగ్గా ఈ పనే చేయగలదు. దాని మార్కుల్ని నోటీసు బోర్డు మీద అంటించి, సెక్షన్లు మార్చే ఆయుధంగా వాడటం వల్ల ఆ మేలు భయం కింద పడిపోయింది. మార్కులు లేని స్లిప్ టెస్ట్, మళ్లీ చదవడానికి మధ్య మూడు రోజుల ఎడం, సరిపడా నిద్ర. ఈ మూడూ ఎందుకు పనిచేస్తాయో తెలిసిన పిల్లవాడు, అర్ధరాత్రి నాలుగోసారి అదే పేజీ చదువుతూ తన తెలివిని అనుమానించుకోడు.

ప్రయోగం కూడా ఇంటర్ తరగతిలో పెట్టొచ్చు. స్ట్రూప్ 1935లో ప్రచురించిన ప్రయోగానికి తెలుగు రూపం ఇలా ఉంటుంది. ఒక కాగితం మీద 'ఎరుపు' అనే మాటను ఆకుపచ్చ సిరాతో, 'నీలం' అనే మాటను ఎర్ర సిరాతో, అలా ఇరవై మాటలు రాయాలి. ఇంకో కాగితం మీద అదే పద్ధతిలో ఇంగ్లిష్ మాటలు. పోల్చడానికి మూడో కాగితం మీద ఉత్త రంగు చుక్కలు. మాటను చదవకుండా సిరా రంగు మాత్రం గబగబా చెప్పాలి. చదవడం మనసుకు ఎంత అలవాటైతే రంగు చెప్పడానికి అంత అడ్డం పడుతుంది. మరి ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివి, తెలుగు కూడబలుక్కుంటూ చదివే పిల్లకు ఏ కాగితం ఎక్కువ కష్టం? పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పక్క బెంచీ అబ్బాయికి? రెండు కాగితాలకూ జవాబు ఒకే భాషలో చెప్పాలా, దేని భాషలో దానికి చెప్పాలా? మొదట తెలుగు కాగితం ఇస్తే చేయి తిరిగి రెండోది తేలికవుతుందా, అందుకని సగంమందికి వరస మార్చి ఇవ్వాలా? ఇవన్నీ తేల్చుకున్నాక కావలసినవి నాలుగు స్కెచ్ పెన్నులు, మూడు తెల్ల కాగితాలు, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్.